రేపటి గింజపై హక్కు

రేపటి కోసం గింజ దాచుకోవడం తప్పా, ఒప్పా అన్న విచారణ మతగ్రంథాల్లో చాలా పాతది. కష్టకాలం వస్తోందన్న భయం జనాన్ని పట్టుకున్నప్పుడల్లా అది మళ్లీ పైకి వస్తుంది. ఉద్యోగాలు పోయినప్పుడు, ధరలు మండిపోయినప్పుడు, చేతిలో డబ్బు ఆడనప్పుడు మనుషులు చేసే పనులు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఖాళీ జాగాలో కూరగాయలు వేస్తారు, విత్తనం దాస్తారు, మిగిలింది ఇచ్చి లేనిది తెచ్చుకుంటారు. ఈ పనులన్నిటి వెనకా ఒక ధర్మసందేహం ఉంది. దేవుడి మీద నమ్మకం ఉన్నవాడు ముందుచూపుతో దాచుకోవచ్చా? దాచుకున్నవాడి గింజ మీద దాచుకోలేనివాడికి హక్కు ఉందా?

మనుస్మృతి నాలుగో అధ్యాయం గృహస్థ బ్రాహ్మణులను నిల్వను బట్టి నాలుగు తరగతులు చేసింది. గాదె నిండా ధాన్యం ఉన్నవాడు, కుండెడు ధాన్యం ఉన్నవాడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు, రేపటికి ఏమీ లేనివాడు. వీరిలో ముందువాడికంటే తరవాతివాడే గొప్ప అని ఆ అధ్యాయమే చెబుతుంది. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన గృహస్థధర్మం ఇంకా కటువుగా ఉంటుంది. కడుపుకు పట్టేంతవరకే మనిషికి హక్కనీ, అంతకుమించి తనదే అనుకుంటే అది దొంగతనమనీ దాని సారం. జైనులకు అపరిగ్రహం మహావ్రతాల్లో ఒకటి. బౌద్ధ వినయం ప్రకారం భిక్షువు ఈ పూట వచ్చిన ఆహారాన్ని మర్నాటికి దాచుకోకూడదు.

అదే బుద్ధుడు సిగాలుడనే గృహస్థుకు వేరే మాట చెప్పాడు. సంపాదనను నాలుగు పాళ్లు చేసి, ఒక పాలు అనుభవించి, రెండు పాళ్లు పనిలో పెట్టి, నాలుగోది ఆపదకు అట్టేపెట్టుకోమన్నాడు. పైకి ఇది వైరుధ్యంలా కనిపిస్తుంది కానీ కాదు. భిక్షువు దాచుకోకుండా బతకగలుగుతున్నాడంటే ఊళ్లో ఎవరో దాచిపెట్టడం వల్లనే. అందరూ జోలె పట్టుకుంటే అందులో వేసేవాడు ఉండడు. రేపటికి ఏమీ లేకుండా ఉండే ఆదర్శం ఇంకొకరి గాదె మీద ఆనుకుని నిలబడుతుంది. అందుకే నిల్వను మొత్తంగా తప్పు పట్టిన ధర్మం ఏదీ గృహస్థులతో నడిచే సమాజంలో నిలదొక్కుకోలేదు. నిల్వకు హద్దులు పెట్టిన ధర్మాలే నిలిచాయి.

బైబిల్లోనూ ఈ రెండు పక్షాలూ ఉన్నాయి. అరణ్యంలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడు ఆ రాత్రే చనిపోయాడు. కానీ యోసేపు ఐగుప్తులో ఏడు పుష్కలమైన ఏళ్లపాటు పంటలో అయిదో వంతు కూడబెట్టించి, తరవాత వచ్చిన ఏడు కరువు ఏళ్లను దాటించాడు. ఖురాన్‌లో యూసుఫ్ కథ ఇంకో వివరం కలుపుతుంది. తినడానికి కావలసింది తప్ప మిగతాది వెన్నుల్లోనే ఉంచమని ఆయన సలహా. ఇది అనుభవం ఉన్న రైతు మాట. విత్తనపు జొన్న కంకులను నూర్చకుండా దూలానికి, పొయ్యి పొగ తగిలేలా కట్టి ఉంచడం తెలుగు రైతు ఇళ్లలోనూ ఉన్న అలవాటే.

యోసేపు కథను ఇక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆదికాండం ఆపలేదు. కరువు ముదిరేకొద్దీ జనం ఐగుప్తు రాజు ఫరో కొట్ల నుంచి గింజ కోసం మొదట డబ్బు ఇచ్చారు, తరవాత పశువులను ఇచ్చారు, చివరికి భూమినీ తమనూ ఇచ్చి దాసులయ్యారు. ప్రాణం నిలిపిన గాదే స్వేచ్ఛను తీసుకుంది. దాచడం మంచిదా అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే సరిపోదు, కొట్టు తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నది కూడా అడగాలి.

కౌటిల్యుడికి ఈ సంగతి తెలుసు. రాజు కొట్టులోని సరుకులో సగం జనపదాల ఆపదకు విడిగా ఉంచాలనీ, కొత్తది చేర్చి పాతది వాడుకోవాలనీ అర్థశాస్త్రం నియమం పెట్టింది. ఇస్లామిక్ ధర్మశాస్త్రం ధర పెరిగేదాకా తిండిగింజలను బిగబట్టడాన్ని పాపమంటుంది, ఇంటి అవసరానికి ఉంచుకోవడాన్ని కాదు. ఇక్కడ కాలం కూడా లెక్కలోకి వస్తుంది. పంట విరివిగా ఉన్నప్పుడు దాచితే ఎవరి నోటి ముద్దా తగ్గదు. కొరత మొదలయ్యాక ఎగబడి కొని దాచితే పక్కవాడి ముద్ద తగ్గుతుంది. పండించడం ఈ రెంటికంటే మెరుగు. నిన్న లేని తిండి దానివల్ల లోకంలోకి వస్తుంది. కష్టకాలానికి సిద్ధపడే దారుల్లో తోటకు ధర్మం దృష్ట్యా మొదటి స్థానం ఇవ్వవలసింది ఇందుకే.

దక్కన్ పల్లెల్లో నిల్వకు పాతర ఉండేది. గట్టి నేలలో నిలువుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప, గడ్డి దట్టంగా పరిచి, ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మూసేవారు. గాలి చొరబడకపోతే గింజ ఏళ్లకొద్దీ చెడదు. తెరిచిన వెంటనే లోపలికి దిగితే ప్రాణానికే ముప్పు. అందుకని లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, దీపం దించి అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. ఇంత నేర్పుగా కాపాడిన గింజ చాలాచోట్ల పెద్ద రైతుదో దొరదో. వానాకాలంలో ఇల్లు గడవని కూలీ ఆ పాతర ముందు నిలబడి నాగుకు తెచ్చుకునేవాడు. నాగు అంటే ధాన్యం రూపంలో అప్పు, ధాన్యం రూపంలోనే వడ్డీ. ఫరో కొట్టు ప్రతి ఊళ్లోనూ చిన్న రూపంలో ఉండేదన్నమాట.

ఊళ్లో గింజ ఉన్నంత మాత్రాన ఆకలి తీరదని 1876-78 కరువు చూపింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువుకు కడప, కర్నూలు, బళ్లారి సీమలు చితికిపోయాయి. అది నడుస్తుండగానే ఈ దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమ ఎగుమతి అయింది. అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో 1943 బెంగాల్ కరువును పరిశీలించి ఇదే సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టాడు. మనుషులు చనిపోయేది తిండి లేక మాత్రమే కాదు, ఉన్న తిండిని పొందే హక్కు లేక కూడా. బజారు ఇచ్చే హక్కు డబ్బుతో వస్తుంది, డబ్బుతోనే పోతుంది. పదిమంది కలిసి పండించే నేల, కలిసి దాచే విత్తనం, డబ్బుతో పనిలేని మార్పిడి మనిషికి ఇంకో హక్కు ఇస్తాయి. తాత్వికంగా వాటి విలువ అక్కడే ఉంది.

ఈ హక్కును చేతలతో కట్టిచూపిన చోటు తెలంగాణలోనే ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల ఊళ్లలో మహిళా సంఘాలను కూడగట్టింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతాలవాళ్లు. వానమీద ఆధారపడ్డ చెలకల్లో వాళ్లు పచ్చజొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు కలిపి వేస్తారు. ఒక పంట పోతే ఇంకొకటి దక్కుతుంది. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి, పేడమట్టితో అలికిన బుట్టల్లో పోసి, పైన మట్టిమూత వేస్తారు. అవసరమైన ఇల్లు ఆ బుట్టలోంచి విత్తనం తీసుకుంటుంది, పంట వచ్చాక కొలత పెంచి తిరిగి పోస్తుంది. రెట్టింపు పోయడం ఇలాంటి విత్తన బ్యాంకుల్లో సాధారణంగా ఉన్న పద్ధతి.

ఎక్కువ కొలిచి పోయడంలో ఇదీ నాగులాంటిదే కదా అన్న అనుమానం సహజం. కొలత ఒకటే అయినా గమ్యం వేరు. నాగులో పెరిగిన గింజ అప్పిచ్చినవాడి పాతరలోకి పోయి, అప్పు తీసుకున్నవాణ్ణి మరుసటి ఏడు మరింత లొంగదీస్తుంది. సంఘం బుట్టలో పెరిగిన గింజ తీసుకున్నవాళ్లదే, రేపు ఇంకో ఇంటికి పోయేది. వడ్డీ మీద మతాల నింద ముఖ్యంగా తగలవలసింది మొదటిదానికే.

1990లలో ఆ సంఘాలు సామూహిక ధాన్యనిధిని నడిపాయి. బీడు పడ్డ భూములను సాగులోకి తేవడానికి రైతుకు అప్పు ఇచ్చేవారు. రైతు దాన్ని కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో తీర్చేవాడు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి, పని దొరకని వానాకాలంలో పేద ఇళ్లకు తక్కువ ధరకు చేరేవి. ఎవరు ఎంత పేదవారో ఊరివాళ్లే కూర్చుని తేల్చేవారు, ఎక్కువ పేద ఇంటికి ఎక్కువ వాటా. ఆకలి గురించి తీర్పు చెప్పే అధికారం ఆఫీసు నుంచి అరుగు మీదికి రావడం చిన్న విషయం కాదు. తిండి మీద ఇలాంటి ఉమ్మడి హక్కు అక్కడ ఇంకొకటి ఉంది. ఎవరూ విత్తకుండా చేలో మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, గునుగుకూర కూలికి వచ్చిన స్త్రీలు కోసుకుపోతారు. కలుపుమందు చల్లిన చేనులో ఆ ఉమ్మడి హక్కు కూడా చస్తుంది. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

నగరాలకూ ఈ దారి కొత్త కాదు. అమెరికాలో 1893లో ఆర్థిక సంక్షోభం వచ్చాక, డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీ 1894లో ఖాళీ స్థలాలను పనిలేని కుటుంబాలకు బంగాళదుంపల సాగుకు ఇప్పించాడు. విత్తనాలకు చందాలు అడిగితే చర్చిల నుంచి వచ్చింది స్వల్పం. ఆయన తన గుర్రాన్నే వేలానికి పెట్టాడు.

మార్పిడి విషయం ఇంత నేరుగా తేలదు. గీత మూడో అధ్యాయం లోకమే ఇచ్చిపుచ్చుకోవడం మీద నడుస్తోందంటుంది, తన ఒక్కడికోసం వండుకున్నవాడు తినేది పాపమంటుంది. ఆ లెక్కన మార్పిడి యజ్ఞమే. అయితే అది యజ్ఞంగా ఉండటానికీ ఉత్త బేరంగా మారడానికీ తేడా ఉంది. ఇరుగుపొరుగు మధ్య జరిగేది చాలావరకు చేబదులు. ఇవాళ గిద్దెడు నూనె, నాలుగు రోజులకు సోలెడు పప్పు. లెక్క పూర్తిగా తీరకుండా కొంత మిగలడంలోనే చుట్టరికం ఉంది.

అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరెస్ శివారు బెర్నాల్‌లో 1995 మే 1న ఇరుగుపొరుగువాళ్లు ఒక మార్పిడి సంఘం పెట్టుకున్నారు. తరవాత తమలో తాము చెల్లించుకోవడానికి క్రెడిటో అనే చీటీలు వేసుకున్నారు. 2001 డిసెంబరులో ప్రభుత్వం బ్యాంకు ఖాతాలను కట్టడి చేశాక లక్షలాది జనం ఆ సంతల్లోకి వచ్చిపడ్డారు. 2002లో దొంగ చీటీలు వెల్లువెత్తాయి, ఆహార పదార్థాలు కరువయ్యాయి, చీటీ విలువ పడిపోయింది, సంతలు చాలావరకు మూతపడ్డాయి. ముఖపరిచయం మీద నిలిచిన నమ్మకం అపరిచితుల గుంపులో నిలవలేదు. పాత బట్టలు తెచ్చేవాళ్లు ఎక్కువై గింజ తెచ్చేవాళ్లు తక్కువైన సంత ఎవరి ఆకలీ తీర్చలేదు. తోట లేని మార్పిడి నిలవదు.

తెలుగు పల్లెల పాత మార్పిడి చరిత్రను కూడా పొగడ్తలతో కప్పెట్టకూడదు. కళ్లం దగ్గర కుమ్మరికి, కమ్మరికి, చాకలికి, మంగలికి మేర కొలిచేవారు. ఏడాదంతా చేసిన పనికి అది భరోసానే. కానీ ఆ కొలత పెట్టేది రైతు, ఆ పని వదిలే స్వేచ్ఛ పుట్టుకతోనే పోయేది. చాకిరీ చేసినవాళ్లలో కొందరికి కుంచంతో పాటు అంటరానితనమూ అందేది. సమానులు కానివాళ్ల మధ్య డబ్బు లేకపోవడం ధర్మం అనిపించుకోదు. గాంధీ ఆదర్శంగా చూసిన ఊరిని అంబేద్కర్ మరోలా చూడటానికి కారణం ఇదే. పైగా కష్టకాలంలో మార్పిడి రేటు బలహీనుడి మీదే విరుచుకుపడుతుంది. బెంగాల్ కరువులో బియ్యంతో పోలిస్తే క్షురకుడి పనికి విలువ ఒక్కసారిగా దిగజారిందని సేన్ చూపాడు. ఆకలితో ఉన్నవాడు క్షవరం వాయిదా వేస్తాడు, అన్నం వాయిదా వేయలేడు.

ఇవ్వడానికి ఏమీ లేనివాడి సంగతి మార్పిడి ఎప్పటికీ తేల్చలేదు. అక్కడ దానం ఒక్కటే దిక్కు. పంట కోసిన చేలో రాలిన వెన్నులను పేదవాడికీ పరదేశికీ వదలమని లేవీయకాండం శాసించింది. పరిగె ఏరుకునేవాళ్లను తరమకూడదన్నది మన పొలాల్లోనూ పాత మర్యాదే. మహాభారతం అశ్వమేధపర్వంలో కరువు రోజుల్లో గింజలు ఏరుకుని బతికే బ్రాహ్మణ కుటుంబం తమకున్న కాస్త పేలపిండినీ అతిథికి ఇచ్చేసింది. ధర్మరాజు యాగం ఆ పిండికి సాటి రాలేదని ముంగిస వచ్చి చెప్పింది. గొప్ప కథే. కానీ అంత త్యాగం చేయవలసి వచ్చింది ఊళ్లోకెల్లా పేద ఇల్లు. లేనివాడి త్యాగం మీద అతిథి కడుపు నిండే పరిస్థితిని యజ్ఞం చేసే రాజు ముందే తప్పించి ఉండాల్సింది. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) దారినపోయే ప్రతివాడికీ కులం అడగకుండా అన్నం పెట్టగలిగిందంటే ఆమె గుండెతో పాటు వెనక పండే పొలం ఉంది. దానం నిలవాలంటే పంట కావాలి.

కాబట్టి కష్టకాలానికి తోట, విత్తనబుట్ట, మార్పిడి సంత పెట్టుకునేవారు మొదటి రోజే రెండు పనులు చేయాలి. కొట్టు తాళంచెవి ఒక్కరి దగ్గర కాకుండా నలుగురి దగ్గరా తిరిగేలా, ఆ నలుగురిలో ఊళ్లో అందరికంటే పేద ఇంటివాళ్లు తప్పక ఉండేలా చూసుకోవాలి. ప్రతి కోతలోనూ, ఇవ్వడానికి ఏమీ లేని ముసలివాళ్లకూ జబ్బుపడ్డవాళ్లకూ పరాయివాళ్లకూ ఒక కుంచం ముందు కొలిచి పక్కన పెట్టాలి. మిగతా లెక్కలు ఆ తరవాతే చూసుకోవాలి.