విద్యకు ముద్ర

మన గృహములలో నాభరణము కొనువారు కంసాలి మాటను మాత్రమే నమ్మక, యొరగల్లుపై గీయించి చూచుట యాచారము. ఒరగల్లు బంగారమును చేయదు. ఉన్న వన్నెను చెప్పును. ఉన్నత విద్యకును నట్టి యొరగల్లు వలయునా? వలసినచో దానిని నమ్మదగినదిగా నిలుపు భార మెవ్వరిది?

ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి యధ్యక్షతను 1948లో నేర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము బోధనా ప్రమాణములను గూర్చి విపులముగా విచారించెను. 1956 నాటి శాసనము ఆ ప్రమాణములను నిర్ణయించి కాపాడు పనిని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనున కప్పగించెను. కళాశాలలు వేలకొలది పెరిగిన పిమ్మట, 1994లో, న్యాక్ అని వ్యవహరింపబడు జాతీయ మూల్యాంకన మండలి స్థాపింపబడెను. దాని కేంద్రము బెంగుళూరు. కళాశాల తన బోధన, పరిశోధన, వసతులు, పరిపాలనము మున్నగువానిని గూర్చి తానే యొక స్వీయాధ్యయన నివేదిక వ్రాయుట, పిమ్మట నితర విద్యాలయముల పండితులు వచ్చి నిజానిజములు విచారించుట, తుదకు గ్రేడు నొసగుట యను పద్ధతి పెక్కేండ్లు నడచినది.

ఇందు మొదటి మెట్టు తనిఖీ కాదు, ఆత్మపరీక్ష యని గమనింపవలెను. కాని ముద్రవలన పేరును, పేరువలన ప్రవేశములును పెరుగునని తెలిసినంతనే బుద్ధి చలించును. గోడలకు సున్నము పడును, బీరువాలు నిండును. తెలియని విద్యార్థికి మరల నొకమారు విడమరచి చెప్పు నధ్యాపకుని యోర్పు మాత్ర మే పట్టికలోను చేరదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతపు టొక విద్యాసంస్థకు మేలైన గ్రేడు నిచ్చుటకై లంచము పుచ్చుకొనిరను నారోపణపై తనిఖీ సంఘ సభ్యులను సి.బి.ఐ. వారు నిర్బంధించిరి. ఆరోపణ న్యాయస్థానమున తేలవలసినదే. అయినను ఒరగల్లునే యొరపెట్టవలసిన దినము వచ్చినదని జనులు కలతపడిరి.

అట్లయిన తనిఖీయే వలదు, ఉపాధ్యాయుని మనస్సాక్షియే చాలునని కొంద రందురు. ఈ మాట వినుట కింపుగా నున్నది గాని న్యాయముగా లేదు. సంపన్నునకు మంచి చెడ్డలు చెప్పు బంధువులు కలరు. అప్పుచేసి కుమార్తెను తొలిసారి పట్నపు కళాశాలకు పంపు రైతునకు ముద్ర తప్ప వేరు సాక్షి లేడు. చినిగిన వస్త్రమును మార్చుకొనవచ్చును. వ్యర్థమైన నాలుగేండ్ల యౌవనమును మార్చి యిచ్చు నంగడి లేదు. పరీక్షించి చూచుకొనజాలని వానికే మనము సత్యమును మిక్కిలి ఋణపడియున్నాము. ధర్మసూక్ష్మ మిదియే.

కావున తనిఖీని విడువరాదు. దాని బరువును తనిఖీదారులపైననే మోపనురాదు. స్వీయాధ్యయన నివేదికను కళాశాల తన యంతర్జాల పుటలో నుంచవలెనను నియమము చేయబడియున్నది. తలిదండ్రులు దానిని చదువవలెను. వ్రాసిన యధ్యాపకులు నిజముగా పాఠము చెప్పుచున్నారా, వ్రాసిన ప్రయోగశాల తెరచియుండునా యని యందు చదువుకొను పిల్లల నడుగవలెను. అధ్యాపకులకు మరియొక పరీక్ష కలదు: తాము వ్రాసిన నివేదికను తమ తరగతిలో, తమ విద్యార్థుల యెదుట, బిగ్గరగా చదువగలరా? వినువారు నవ్వకున్నచో, ఆ విద్య మేలిమిది.