రోగి అనుమతి ఎవరిది?

పెద్దప్రేగులో పుండ్లు పడి, రోజుకు పదిసార్లు రక్తవిరేచనాలతో నీరసించిపోయిన మనిషితో ఆసుపత్రివారు ఒక మాట అంటారు: కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది, చేరతారా? కొందరికి అసలు మందు ఇస్తారు, కొందరికి మందులేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతుందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. కాలేయ వ్యాధిగ్రస్తులకు కూడా ఇలాంటి పిలుపు వస్తుంటుంది. అప్పుడు మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్, దాన్ని ప్రయోగాలకు అప్పగించడం హరామ్ అని ఒకరంటారు. డాక్టరు అంతగా చెబుతున్నాడు కదా, సంతకం పెట్టేయమని ఇంకొకరంటారు. మొదటి మాటలో సగం సత్యం ఉంది. రెండో మాటలో అదీ లేదు.

అల్లాహ్ ఏ వ్యాధినీ దాని చికిత్సను దించకుండా దించలేదని, తెలిసినవారికి అది తెలుసునని, తెలియనివారికి తెలియదని మహాప్రవక్త (స) బోధించారు. అంటే చికిత్సను వెదికి తెలుసుకునే పని మనిషికే వదిలివేయబడింది. ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ ‘ఇహ్యా’లో వైద్యవిద్యను ఫర్జె కిఫాయాగా లెక్కించారు. ఊళ్లో ఎవరూ ఆ భారం మోయకపోతే పాపం అందరి మీదా పడుతుంది. ఈ రోజు హెపటైటిస్ బి ఉన్న మన సోదరుడు రోజూ వేసుకునే మాత్ర, ఎక్కడో ఎవరో ముక్కూమొహం తెలియని రోగులు ముందుగా వేసుకుని చూడటం వల్లనే మనదాకా వచ్చింది.

ఇక ఉత్తి మాత్ర సంగతి. అది మోసం కాదా అని చాలామంది అడుగుతారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 1955లో ఒక పరిశోధన ఫలితాన్ని ప్రకటించారు. అల్సరేటివ్ కొలైటిస్ అనే ఈ ప్రేగు పుండ్ల వ్యాధి ఉన్న 210 మందిలో కొందరికి కార్టిసోన్ ఇచ్చారు, మిగతావారికి ఉత్తి మాత్ర. ఆరు వారాల తర్వాత కార్టిసోన్ తీసుకున్నవారిలో నూటికి 41 మందికి వ్యాధి శమించింది. ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి 16 మందికి శమించింది. పాఠకులు ఆ రెండో అంకెను గమనించాలి. ఈ వ్యాధి తనంతట తానే పెరుగుతుంది, తగ్గుతుంది. పోల్చి చూడటానికి ఎవరూ లేకపోతే ఆ పదహారు మందినీ ప్రతి హకీమూ, ప్రతి డాక్టరూ తన ఖాతాలో వేసుకుంటాడు. మన పేటల్లో గ్యారంటీ వైద్యం బోర్డులు బతుకుతున్నది ఈ పదహారు మంది మీదే.

మహాప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యిపెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంఘటన మనకు తెలిసినదే. జనానికి కనబడేలా ఆ తడి గింజల్ని పైనే ఎందుకు పెట్టలేదని ఆ వర్తకుణ్ణి అడిగారు. మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించింది ఆ సందర్భంలోనే. మీకు ఉత్తి మాత్రే రావచ్చు అని ముందే విడమర్చి చెప్పడం తడి గింజల్ని పైన పెట్టడమే. చెప్పకుండా ఇస్తే అది మోసం. నిరూపితమైన చికిత్స చేతిలో ఉండగా, దాన్ని ఆపితే రోగికి తీవ్ర హాని జరుగుతుందని తెలిసి కూడా ఉత్తి మాత్రతో సరిపెట్టడం, చెప్పి చేసినా ధర్మసమ్మతం కాదు.

అనుమతి విషయంలో మనం అంతగా వినని ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. మహాప్రవక్త (స) అంతిమ వ్యాధితో ఉన్నప్పుడు ఇంట్లోవారు ఆయన నోటి పక్కనుంచి మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగులందరికీ మందంటే అయిష్టమే కదా, ఇదీ అంతే అనుకున్నారు ఇంట్లోవారు. తేరుకున్నాక, నేను వద్దనలేదా అని అడిగి, తాను చూస్తుండగా ఇంట్లో ఉన్నవారందరికీ అదే మందు పోయించారు. అప్పుడు అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి)ను మాత్రం మినహాయించారు. హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పిన విషయమిది. పోసినవారు శత్రువులు కారు, ప్రాణం పెట్టే ఆత్మీయులు. అయినా వారి ప్రేమ రోగి అనుమతికి బదులు కాలేకపోయింది.

ప్రేమ కూడా లేనిచోట ఏం జరుగుతుందో అమెరికాలో లోకం చూసింది. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే సంస్థలో బుద్ధిమాంద్యం గల పిల్లలు ఉండేవారు. 1956 నుంచి అక్కడ డాక్టర్ సాల్ క్రూగ్‌మన్ బృందం ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కావాలనే హెపటైటిస్ సోకించి అధ్యయనం చేసింది. ఇరుకుగా ఉన్న ఆ సంస్థలో ఎలాగూ సోకేదే కదా అన్నది వారి వాదన. తల్లిదండ్రుల సంతకాలున్నాయి. అయితే 1964లో కిక్కిరిసిపోయి మామూలు చేరికలు ఆగిపోయాక కూడా హెపటైటిస్ వార్డులో మాత్రం చోటు దొరికేది. వేరే దారి లేని తల్లి పెట్టిన సంతకాన్ని అనుమతి అందామా? 1966లో డాక్టర్ హెన్రీ బీచర్ దీన్ని తప్పుబట్టి రాశాడు. ఆ పరిశోధన వల్ల ఈ జబ్బులో రెండు రకాలున్నాయని తేలింది, టీకాకు దారి కొంత కనబడింది. ఫలం మంచిదైనంత మాత్రాన ఆ పని హలాల్ అయిపోదు. మన పిల్లలకు టీకా వేయించడం వల్ల మనకు ఆ పాపం అంటదు కూడా.

1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ విషయమై స్పష్టమైన తీర్మానం చేసింది. పరిశోధనకు పూర్తి యోగ్యత గల వ్యక్తి అనుమతి ఉండాలి. అది ఖైదీల విషయంలోలా బలవంతంతోనో, నిరుపేదల విషయంలోలా డబ్బు ఆశతోనో వచ్చినది కాకూడదు. దానివల్ల హాని కలగకూడదు. యోగ్యత లేనివారిపై, అంటే పసివారు, మతిలేనివారిపై, సంరక్షకులు ఒప్పుకున్నా పరిశోధన చేయరాదు.

ఈ చివరి మాట బరువైనది. క్రోన్స్ వ్యాధి పదేళ్ల పిల్లలకూ వస్తుంది. పిల్లలపై ఏదీ పరీక్షించకపోతే పెద్దల మోతాదును తగ్గించి, అంచనాతో ఇవ్వడమే మిగులుతుంది. అదీ గుడ్డి ప్రయోగమే కదా! నాకు అర్థమైనంతలో, జబ్బు ముందే ఉన్న బిడ్డకు, ఆ బిడ్డకే మేలు ఆశించి రెండు చికిత్సల్లో ఒకటి ఇచ్చి చూడటం ఇలాజ్ కిందికి వస్తుంది; అక్కడ వలీ అధికారం చెల్లుతుంది. లేని జబ్బును అంటించడానికి, బిడ్డకు ఏ మేలూ లేని పరీక్షకు తండ్రి కూడా అనుమతి ఇవ్వజాలడు. అది అతని చేతిలో లేని అమానత్. ఇంతకంటే లోతుగా చూడగల ఉలమా దీన్ని పరిశీలించాలి.

అన్నీ సవ్యంగా ఉన్నా ప్రమాదం జరగవచ్చు. 1993లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో హెపటైటిస్ బికి ఫియాలురిడిన్ అనే మందును 15 మందిపై పరీక్షించారు. మొదట వైరస్ తగ్గుతూ వచ్చింది. వారాలు గడిచాక ఏడుగురి కాలేయం దెబ్బతింది. ఐదుగురు మరణించారు, ఇద్దరు కాలేయమార్పిడితో బతికారు. విద్య తెలిసిన వైద్యుడు, అనుమతితో, హద్దు మీరకుండా చేసినదానిలో నష్టం జరిగితే అతనిపై పరిహారభారం లేదని, విద్య తెలియక వైద్యం చేసేవాడు బాధ్యుడని ఫుఖహా చెప్పారు. మన దేశంలో 2019 నాటి నిబంధనల ప్రకారం పరిశోధనలో హాని కలిగితే ఉచిత వైద్యం ఇవ్వాలి. ఇష్టం లేకపోతే రోగి ఎప్పుడైనా వైదొలగవచ్చు.

కాగితం తెలుగులోనో ఉర్దూలోనో ఇమ్మని అడగండి. అర్థంకాని మాటను మళ్లీ చెప్పించుకోండి. ఇంకో మాట. మన ఇళ్లలో భార్య జబ్బుపడితే కాగితం భర్త చేతికో అన్నయ్య చేతికో వెళుతుంది; ఆమె పక్క మంచం మీద వింటూ ఉంటుంది. యుక్తవయసు వచ్చి, తెలివిలో ఉన్న స్త్రీ శరీరానికి సంబంధించిన అనుమతి షరీఅత్‌లో ఆమెదే. కాగితాన్ని ఆమెకు చదివి వినిపించి, కలం ఆమె చేతికే ఇవ్వండి. ఆమె వద్దని తల ఊపితే, మందంటే భయం కాబోలు అనుకోకండి.