‘తు’ ఎవరు, ‘వూ’ ఎవరు?

ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకి మొదటి రోజుల్లోనే ఎదురయ్యే పాఠం ‘తు’, ‘వూ’. ఎదుటి మనిషితో మాట్లాడడానికి రెండు సర్వనామాలు. ఇంగ్లిష్ ఒక్క ‘యూ’తో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఆ భాషవాళ్లకి ఇదో తలనొప్పి. తెలుగువాళ్లకి నిమిషం పట్టదు. ‘తు’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు, అంతే. ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు కూడా దీన్ని చిటికెలో దాటేస్తారు. హైదరాబాదులో డిగ్రీలో ఫ్రెంచ్ చదివిన నాకు మాత్రం ఆ మూడేళ్లలో తెగని విషయం ఇదొక్కటే.

ఎందుకంటే మాటలు సరిపోయాయి గానీ లెక్క సరిపోలేదు. ఫ్రాన్సులో ముక్కూ మొహం తెలియని ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే ఇద్దరూ ‘వూ’ అనే అనుకుంటారు. బేకరీలో కొనేవాళ్లూ అంతే, అమ్మేవాళ్లూ అంతే. స్నేహం కుదిరితే ఇద్దరూ కలిసే ‘తు’లోకి వస్తారు. మన దగ్గర ఒకే సంభాషణలో ఒకరిది ‘నువ్వు’, ఇంకొకరిది ‘మీరు’. అది ఎవరికీ వింతగా ఉండదు. ఇల్లు తుడవడానికి వచ్చే యాభై ఏళ్ల మనిషిని పాతికేళ్లవాళ్లు ‘నువ్వు’ అంటారు. ఆమె వాళ్లని ‘మీరు’ అంటుంది, ‘అమ్మా’ అని కూడా అంటుంది. భర్త ‘నువ్వు’ అంటే భార్య ‘ఏమండీ’ అంటుంది. సార్త్ర్, సిమోన్ ద బోవా జీవితమంతా ఒకరినొకరు ‘వూ’ అనే పిలుచుకున్నారని విన్న రోజు క్లాసంతా నవ్వింది, ప్రేమికుల మధ్య అంత మర్యాదేంటని. కానీ వాళ్లది ‘మీరు, మీరు’. మన తాతయ్యలు, అమ్మమ్మలది ‘నువ్వు, మీరు’. వీటిలో నిజంగా నవ్వు రావాల్సింది దేనికి?

1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ ఈ సర్వనామాల మీద ఒక వ్యాసం రాశారు. ఈ మాటలు రెండు సంగతులు చెబుతాయన్నారు: ఒకటి అధికారం, రెండోది దగ్గరితనం. అధికారం ఉన్నచోట ఎవరి మాట వాళ్లదే, ఇచ్చిన మాట తిరిగి రాదు. దగ్గరితనం ఉన్నచోట ఇద్దరిదీ ఒకే మాట. యూరప్ భాషలు మెల్లగా మొదటిదాన్నుంచి రెండోదానివైపు జరిగాయని వాళ్ల వాదన. మనం ఇంకా రెండిట్లోనూ కాళ్లు పెట్టుకుని ఉన్నాం. అందుకే అధికారాన్ని కూడా చాలాసార్లు ఆప్యాయత అని పిలుచుకుంటాం.

సాహిత్యం క్లాసులో ఇది ఇంకా ఇరుకున పెట్టింది. ఫ్లోబేర్ 1877లో ప్రచురించిన ‘మూడు కథలు’లో మొదటిది ఫెలిసితే అనే పనిమనిషి కథ. ఏడాదికి వంద ఫ్రాంకుల జీతానికి వంట నుంచి కుట్టుపని దాకా ఇంటి చాకిరీ అంతా ఆమెదే. ఫ్రెంచిలో ఫెలిసితే ‘ఎల్’, ఇంటి యజమానురాలు కూడా ‘ఎల్’. అందులో ఒక పేజీ తెలుగు చేద్దామని కూర్చుంటే పెన్ను కదల్లేదు. తెలుగులో ఎదురుగా లేని మనిషికి కూడా మెట్లు ఉన్నాయి: అది, ఆమె, ఆవిడ, వారు. యజమానురాలిని ‘ఆవిడ’ అనీ, ఫెలిసితేని ‘అది’ అనీ రాస్తే వాక్యం హాయిగా, మన పాత కథల్లో లాగే సాగిపోతుంది. ఆ హాయే నాకు నచ్చలేదు. ‘అది’ కుర్చీకీ, కుక్కకీ వాడే మాట. ఫ్లోబేర్ తన సర్వనామంతో చెయ్యని తీర్పు నా భాష చేసేస్తోంది. ఇద్దరికీ ‘ఆమె’ అనే రాశాను. ఎవరు ఎవరో తెలియట్లేదని చదివిన స్నేహితురాలు అంది. ఫ్రెంచ్ పాఠకులకీ ఆ ఇబ్బంది ఉంటుంది. వాళ్లు పేర్లు చూసుకుని చదువుకుంటారు.

అలాగని ఫ్రెంచిని సమానత్వపు భాష అనుకుంటే మోసపోతాం. 1793లో విప్లవం ఉధృతంగా ఉన్న రోజుల్లో అందరూ అందరినీ ‘తు’ అనాలన్న ఊపు వచ్చింది, ప్రభుత్వ ఉత్తరాల దాకా పాకింది. కొన్నేళ్లకే ‘వూ’ తిరిగొచ్చింది. ఇక అదే భాష వలసల్లో చేసిన పని వేరు. 1960 జూన్ 30న, కాంగోకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, బెల్జియం రాజు ఎదుటే ప్రధాని పాట్రిస్ లుముంబా ప్రసంగించారు. నల్లవాళ్లని ‘తు’ అన్నది స్నేహంతో కాదనీ, మర్యాద గల ‘వూ’ని తెల్లవాళ్లకే అట్టిపెట్టుకున్నారనీ గుర్తుచేశారు.

‘మాట మారిస్తే జీతం పెరుగుతుందా?’ అని అడిగేవాళ్లు మన దగ్గర చాలామంది. న్యాయమైన ప్రశ్నే. మర్యాదగా ‘మీరు’ అంటూ తక్కువ జీతం ఇచ్చే ఇళ్లు ఉంటాయి. కానీ లుముంబా ఆ ‘తు’ని ఎక్కడ పెట్టారో చూడండి. వెటకారాలు, దెబ్బలు, కడుపు నిండని కూలి, వీటన్నిటి జాబితాలోనే పెట్టారు. కూలి తక్కువని నెలకోసారి తెలుస్తుంది. తన స్థానం ఏమిటో ఆ మాట రోజుకి పదిసార్లు చెబుతుంది. జీతం పెంచమని అడగాలంటే ముందు నోరు పెగలాలి కదా.

‘నువ్వు’ చెడ్డమాట కాదు. అమ్మని నువ్వంటాం, దేవుణ్ణీ నువ్వంటాం. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లని కూడా ప్రేమగా ‘నువ్వు’ అంటారు, దాన్ని అమర్యాద అనుకునేది బయటివాళ్లే. ‘మీరు’ ఒక్కోసారి మనిషిని గుమ్మం దగ్గరే నిలబెట్టేస్తుంది కూడా. అందుకే అందరినీ ‘మీరు’ అనేస్తే సరిపోతుందని నేననను. ఆ మాట ఎదుటివాళ్లు నాకు తిరిగి అనగలరా, లేదా అన్నదే చూస్తాను. అమ్మ అనగలదు, స్నేహితులు అనగలరు. మన మర్యాద వయసుని బట్టి అని చెప్పుకుంటాం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి అరవై ఏళ్లు, ఆయన్ని ‘నువ్వు’ అనే కుర్రాడికి ఇరవై. ఆయన ఆ కుర్రాణ్ణి ‘నువ్వు’ అనలేనంత కాలం, కుర్రాడు ఆయన్ని ‘మీరు’ అనాలి. నాకు తెలిసిన వ్యాకరణంలో ఇది అన్నిటికన్నా సులువైన సూత్రం.