మడత విప్పాలా, వద్దా?

డైనింగ్ టేబిల్ మీద ప్రతి పళ్ళెంలోనూ ఒక తెల్లటి గుడ్డ హంసలాగానో, తామరపువ్వులాగానో ముడుచుకుని కూర్చుని వుంటే మీకేమనిపిస్తుంది? నాకైతే, నిజం చెప్పొద్దూ, ముందు ముచ్చటేస్తుంది. ఆ వెంటనే భయమేస్తుంది. దీన్ని ఎప్పుడు విప్పాలి? విప్పి ఎక్కడ పెట్టుకోవాలి? కుడిచెయ్యి పప్పన్నంలో వుండగా ఎడమచేత్తో ఒళ్ళోది తీసి మూతి తుడుచుకోవడం ఎలా? తుడుచుకుంటే మరకవుతుంది, తుడుచుకోకపోతే అది అక్కడెందుకు? గుడ్డముక్కకి ఇంత ఆలోచనా అని నవ్వకండి. పోయిన సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున ఆ గుడ్డముక్కే నాకు నిద్ర లేకుండా చేసింది.

ఆ వేళ మావారి ఆఫీసు పెద్దాయన భార్యతో సహా మా ఇంటికి భోజనానికొచ్చారు. ఎవరో పెళ్ళిరోజుకిచ్చిన నాప్కిన్లు ఆరు, అంచు చుట్టూ సన్నటి లేసు అల్లినవి, బీరువాలో అడుగున పడి వుంటే తీశాను. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, బిషప్పుగారి టోపీలా నిలబడే మడత ఒకటుంది, అది పెట్టాను. గంజి లేకపోతే టోపీ తలవంచేస్తుంది లెండి. ఒక గంట పట్టింది. ఆ గంటలో ఇంకో కూర అయ్యేదని మావారు అననే అన్నారు.

సరిగ్గా పన్నెండింటికి, చెప్పాపెట్టకుండా, నర్సాపురం నించి మా పెద్దమ్మ అరిసెల డబ్బాతో దిగింది. ఆవిణ్ణి చూసి సంతోషించాను. సంతోషంలోనే ఒక చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. ఆ ముల్లేమిటో మీకు తెలుసు. అందరి ఇళ్ళలోనూ వుండేదే.

వచ్చినవాళ్ళు చక్కగా మడత విప్పి ఒళ్ళో పరుచుకున్నారు. మా అమ్మాయి కూడా వాళ్ళని చూసి పరుచుకుంది. పెద్దమ్మ మాత్రం టోపీని టోపీలాగే ఎత్తి కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని, అంచు మీద బొటనవేలు నడిపించి, ఏదో లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత దాన్ని పులుసు చిందకుండా దూరంగా, మంచినీళ్ళ జగ్గు పక్కన నిలబెట్టింది. భోజనమయ్యాక చెయ్యి కడుక్కొచ్చి, శుభ్రంగా కొంగుతో తుడుచుకుంది. పెద్దాయన భార్య చిన్నగా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు. అయినా నేను చూశాను.

“పెద్దమ్మా, అది తుడుచుకోడానికే!” అన్నాను నవ్వుతూ.

“తెలుసమ్మా,” అంది పెద్దమ్మ. “ఎవరో కళ్ళు కాయలు కాచేలా అల్లిన అంచు. దానికి పప్పు పూయడానికి నాకు చెయ్యి రాలేదు.”

అంతే. తర్వాత సంభాషణ హైద్రాబాదు ట్రాఫిక్కు మీదికి పోయింది.

రాత్రి పడుకుని తప్పెవరిదని ఆలోచించాను. పద్ధతి ప్రకారం చూస్తే పెద్దమ్మదే. కానీ ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూడండి. పూర్వం రోమన్లు విందుకి వెళుతూ ఎవరి గుడ్డ వాళ్ళు పట్టుకెళ్ళేవారు, మిగిలిన తినుబండారాలు అందులోనే మూటకట్టుకుని తెచ్చుకునేవారు. పక్కవాడి గుడ్డ కాజేసే ఘనులూ వుండేవారు. కాటులస్ అనే కవి అలాంటి దొంగ మీద ఏకంగా ఒక పద్యమే రాశాడు. మన పెళ్ళిళ్ళలో చెప్పులు పోయినందుకు ఎవరూ పద్యాలు రాయలేదు, పోనివ్వండి! యూరపులో జనం చేత్తో తిన్నన్నాళ్ళూ ఆ గుడ్డకి చేతినిండా పనుండేది. 1611లో కొర్యాట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఇటలీలో ఫోర్కులతో తింటున్నారని వింతగా రాశాడు. అంటే అప్పటికింకా ఇంగ్లండులో అది వింతే. తమాషా ఏమిటంటే, ఫోర్కులొచ్చి గుడ్డకి పని తగ్గుతున్న ఆ రోజుల్లోనే మడతల వైభవం పెరిగింది. 1629లో పాడువా నగరంలో గీగెర్ అనే ఆయన వేసిన పుస్తకంలో గుడ్డతో చేసిన జంతువులు, ఓడలూ బొమ్మలతో సహా వున్నాయి. అలాంటివి బల్ల మధ్య శోభకి పెట్టేవారు. మూతి తుడుచుకోడానికి వేరే గుడ్డ. ఆ లెక్కన మా పెద్దమ్మ చేసింది రాజమర్యాదే!

లండనులో నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగం చేసిన శామ్యూల్ పీప్స్ డైరీ గురించి మీరు వినే వుంటారు. బి.ఏ.లో మాకు అందులో కొన్ని పేజీలుండేవి. 1669లో, అదీ జనవరే, మర్నాడు ప్రభువులకి విందు. బల్ల సర్దడానికొచ్చిన మనిషి నాప్కిన్లు మడిచిన తీరు చూసి పీప్స్ ముచ్చటపడిపోయి, నలభై షిల్లింగులిచ్చి ఆ విద్య తన భార్యకి నేర్పిస్తానని రాసుకున్నాడు. నలభై షిల్లింగులంటే రెండు పౌన్లు. అంతకు ఆరేళ్ళ ముందు ఏడాదికి నాలుగు పౌన్ల జీతంతో వంటమనిషిని పెట్టుకుని, ఇంత ఎప్పుడూ ఇవ్వలేదని అదే డైరీలో రాశాడు. అంటే గుడ్డ మడిచే చదువు ఖరీదు ఆర్నెల్ల వంట! ఆ చదువు తనకి కావాలని భార్య ఎలిజబెత్ అన్నదో లేదో ఆ వాక్యంలో లేదు. ఆ ఏడు నవంబరులోనే ఆవిడ జ్వరంతో పోయింది, ఇరవై తొమ్మిదేళ్ళకి. కాలేజీ రోజుల్లో ఆ వాక్యం చదివి నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాదు. నేను గంటసేపు టోపీలు నిలబెట్టింది ఎవరి ముచ్చట కోసం? నా కోసమే అని చెప్పుకోవాలని వుంటుంది. సగం నిజం.

ఇక నర్సాపురం సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారు. ఆ అల్లికతో చేసిన బల్లగుడ్డలు, పళ్ళాల కింద వేసే గుండ్రటి అల్లికలు ఓడలెక్కి దేశాలు పోయాయి. మరియా మీస్ అనే జర్మన్ స్త్రీ ఆ వూళ్ళు తిరిగి 1982లో ఒక పుస్తకం వేసింది. ఆ ఆడవాళ్ళు వంటకీ పిల్లలకీ నడుమ రోజూ ఆరేడు గంటలు అల్లుతుంటే, లోకం వాళ్ళని పనివాళ్ళనకుండా ‘ఇంట్లో వుండే ఆడవాళ్ళు’ అనీ, వాళ్ళ పనిని తీరిక వేళ పని అనీ పిలిచిందనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆవిడ రాసింది. మా పెద్దమ్మకి ఆ పుస్తకం సంగతి తెలియదు. ఆవిడ పద్నాలుగో ఏట సూది పట్టింది. చూపు మందగించేదాకా అల్లింది. తన అల్లిక ఏ బల్ల మీదకి పోయిందో ఎప్పుడూ చూడలేదు. తన ఇంట్లో బల్లే లేదు.

సరే, శ్రమపడి చేసినదాన్ని వాడకూడదంటే మనం అన్నం కూడా తినలేం కదా? ఈ ప్రశ్న పొద్దున్నే కాఫీ ఇస్తూ పెద్దమ్మనే అడిగాను. “అందరూ నీలాగే దాచుకుంటే కొత్తవి ఎవరు కొంటారు? అల్లేవాళ్ళకి పనెక్కణ్ణించొస్తుంది?” అన్నాను. వాదనలో గెలిచాననే అనుకున్నాను.

“వాడొద్దని నేనన్నానా అమ్మాయీ? నాకు చెయ్యి రాలేదన్నాను. నువ్వు వాడుకో,” అందావిడ.

ఈ రెండు మాటలకీ మధ్యన వున్న దూరం నాకప్పుడు తెలిసింది. ఆవిడ ఎవరికీ నీతి చెప్పలేదు. పద్ధతి తెలిసి, తన ఇష్టం తను చేసుకుంది. చెప్పబోయింది నేను. అదైనా ఆవిడకా? ‘అది తుడుచుకోడానికే’ అన్న మాట పెద్దమ్మ వైపు తిరిగి అన్నానే గానీ, పెద్దాయన భార్య చెవిలో పడాలని అన్నాను. మా ఇంట్లో అందరికీ ఇవన్నీ తెలుసండీ, ఈవిడ ఒక్కతే పల్లెటూరి మనిషి అని ఆ నవ్వుకి నేను చెప్పుకున్న సంజాయిషీ అది. నన్ను చిన్నప్పుడు రెండేళ్ళు పెంచిన మనిషి గురించి! మరీ పెద్ద పాపమా అంటే కాదు. గుడ్డ మీద మరకంత. కానీ రాత్రంతా అదే కనబడింది.

మన్నించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అప్పటికే పెద్దమ్మ పెరటి వైపు వెళ్ళి, పనిమనిషి చేతిలో సబ్బు లాక్కుంటోంది. “పసుపు మరక మీద సబ్బేస్తే ఎర్రబడి కూర్చుంటుంది. ఎక్కువ రుద్దకు, దారం లేస్తుంది. తడిపి ఎండలో వెయ్యి,” అని చెప్పి, అయిదింటినీ స్వయంగా తీగ మీద ఆరేసింది. లేసు మెలిపడకుండా ఒక్కొక్క అంచూ వేళ్ళతో లాగి సరిచేసింది. సాయంత్రానికి మరక వెలిసిపోయింది. ఏడింటి బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. నేను అడగదలచింది అడగనేలేదు.

ఆరోది ఇంకా టోపీలాగే అద్దాల బీరువాలో నిలబడి వుంది. గంజి గుడ్డ అలా వుంచితే పురుగు కొట్టేస్తుందమ్మా, విప్పి ఉతికెయ్యనా అని పనిమనిషి ఇప్పటికి రెండుసార్లు అడిగింది.