లెక్కలో లేని మనిషి

మనుషుల్ని అంకెల్లో పెట్టి కొలవడం తప్పా? ఈ ప్రశ్న వినగానే మనమందరం "తప్పే" అనేస్తాం. అన్న మరుక్షణమే పక్కింటి అమ్మాయికి ఇంటర్లో ఎన్ని మార్కులొచ్చాయో, ఎదురింటి అబ్బాయికి జీతమెంతో అడిగి తెలుసుకుంటాం. పెళ్లిచూపుల్లో పిల్ల ఎత్తు, పిల్లవాడి జీతం, పొలం ఎకరాలు, అన్నీ అంకెలే. మధ్యలో ఎవరైనా గుణగణాల మాట ఎత్తితే "అది సరేనండీ, ఇంతకీ..." అని మళ్లీ అంకెల్లోకే దిగుతాం. కాబట్టి ఈ ప్రశ్నను అంత తేలిగ్గా తోసేయడానికి వీల్లేదు.

నన్నీ ఆలోచనలోకి దింపినవాడు మా అన్న కొడుకు. బెంగుళూరులో ఉద్యోగం. శని, ఆదివారాలు చిలమత్తూరు వస్తాడు. వచ్చిన మనిషి తెల్లవారకముందే లేచి కూర్చుంటుంటే, పట్నంలో యోగాసనాలు నేర్చుకున్నాడు కాబోలు అని మా వదిన మురిసిపోయింది. తీరా చూస్తే ఫోనులో అమెరికా బాస్కెట్‌బాల్! అక్కడ రాత్రి ఆడే ఆట మనకు తెల్లవారుజామున కదా వచ్చేది.

"నువ్వు ఆడేదేం లేదు కదరా, ఎందుకింత ఆత్రం?" అన్నాను.

"నేను ఆడనత్తా. నాకొక టీముంది. నేను దానికి మేనేజర్ని" అన్నాడు గంభీరంగా.

ఆ టీము భూమ్మీద ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఫోనులోనే. స్నేహితులు పదిమంది కలిసి ఒక లీగు పెట్టుకున్నారట. సీజను మొదలయ్యేముందు అందరూ కూర్చుని, అక్కడి నిజం ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుంటారు. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. మొదటి చుట్టులో ఆఖరున వచ్చినవాడికి రెండో చుట్టులో మొదటి వంతు, అంటే పాము మెలిక తిరిగినట్టు తిరుగుతుందన్నమాట. ఆ తర్వాత ఆ ఆటగాళ్లు అక్కడ నిజంగా ఆడినప్పుడు వేసిన బుట్టలు, అందుకున్న రీబౌండ్లు, తోటివాడికి అందించిన అసిస్టులు, లాక్కున్న బంతులు, అడ్డుకున్న బంతులు అన్నీ ఇక్కడ మావాడి ఖాతాలో జమ అవుతాయి. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, ఎవర్నిచ్చి ఎవర్ని తెచ్చుకోవాలి అనేది రోజూ చూసుకోవాలి. ఒక్కో నిజం జట్టుకు సీజనుకు 82 ఆటలు మరి.

"సొంత పెళ్లి గురించి ఇందులో సగం ఆలోచించింటే నాకీపాటికి మనవడుండు" అంటుంది మా వదిన.

ఇలాంటిది వినగానే ఆడవాళ్లకు వచ్చే మొదటి అనుమానం డబ్బు గురించే. నేనూ అదే అడిగాను. పైసా పందెం లేదన్నాడు. నమ్మాను. పందెం సంగతి మన రాష్ట్రాలకు కొత్త కాదు. రమ్మీ ఆట అదృష్టమా, నేర్పా అన్న తగువు సికింద్రాబాదులోని ఒక క్లబ్బు నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముక్కలు పడే తీరు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పే అని 1967లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి పందేలు వచ్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. దాంతో క్రికెట్ జట్లు కట్టించే డ్రీమ్ ఎలెవెన్ వంటివి డబ్బు పోటీలు మూసేశాయి. ఇన్నేళ్లుగా న్యాయస్థానాలు అడిగింది ఒక్కటే: ఇది నేర్పా, అదృష్టమా? ఆడేవాడి మనసు ఏమవుతుంది అన్నది చట్టం అడగదు. ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లే అడగాలి.

మా ఇంట్లో ఆ ప్రశ్న మా అమ్మ అడిగింది. ఒకనాడు తెల్లారుజామున "అయ్యో, మోకాలు పోయిందే!" అని వీడు కేకపెట్టాడు. అమ్మ కంగారుగా లేచి వచ్చింది.

"ఎవరికి నాయనా?"

"మా టీములో ఆటగానికి జేజీ."

"అయ్యో పాపం! పిల్లోడు ఎట్లుండాడు? వాళ్లమ్మకు చెప్పినారా?"

వీడు జవాబు చెప్పలేదు. అప్పటికే ఆ కుంటికాలివాణ్ణి తీసేసి, ఆ చోట్లో ఇంకొకణ్ణి పెట్టే పనిలో ఉన్నాడు. ఆలస్యమైతే ఆ రెండోవాణ్ణి మరో మేనేజరు ఎగరేసుకుపోతాడట!

ఇప్పుడు చెప్పండి, వాడు చేసింది తప్పా? నేను వాడి తరఫునే వాదించి చూశాను. ఎక్కడో అమెరికాలో ఉన్న ఆటగాడికి వీడెవరో తెలియదు. వీడు తీసేసినంతమాత్రాన అతడి జీతం తగ్గదు, మోకాలి నొప్పి పెరగదు. ఆ మాటకొస్తే నేను మాత్రం? పద్దెనిమిదో వారంలో కథ సాగక, నిక్షేపంలాంటి మేనమామను లారీ కింద తోసేసిన రచయిత్రిని. పాఠకురాళ్లు ఉత్తరాలు రాసి ఏడిచారు గాని, ఎవరూ నన్ను హంతకురాలనలేదు.

కాని ఒక తేడా ఉంది. నా మేనమామకు నిజంగా తల్లి లేదు. వాడి ఆటగాడికి ఉంది. మా అమ్మ అడిగింది సరిగ్గా ఆ తేడానే. నిజం మనిషిని ఊహలోని పావుగా చేసుకోవడం వల్ల అవతలివాడికి నష్టం లేకపోవచ్చు. రోజూ తెల్లవారుజామున, ఒక మనిషి పడిపోగానే "తర్వాత ఎవరు?" అని అడగడం అలవాటైతే, ఆ అలవాటు ఫోను మూసినప్పుడు తనూ మూతపడుతుందా? రేపు వీడే ఆఫీసులో నలుగురి మీద అధికారి అవుతాడు. ఒకమ్మాయి పురిటికి సెలవడిగితే వీడికి ముందు ఏం గుర్తొస్తుంది, ఆ అమ్మాయా, ఖాళీ అయ్యే కుర్చీయా? నా భయం అదీ.

ఇంకో సంగతి. ఈ లెక్కలో పడని మనిషి పరిస్థితి ఏమిటి? హ్యూస్టన్ జట్టులో షేన్ బాటియే అని ఒకతను ఉండేవాడు. మనవాళ్లు బోలెడుమంది కాపురముంటున్న ఊరే అది. మైకేల్ లూయిస్ అనే రచయిత 2009లో న్యూయార్క్ టైమ్స్ వారి పత్రికలో అతడి గురించి పెద్ద వ్యాసం రాశాడు. బాటియే వేసిన బుట్టలు తక్కువ, రీబౌండ్లు తక్కువ, అంకెల్లో చూస్తే సామాన్యుడు. చిత్రమేమిటంటే, అతడు మైదానంలో ఉన్నంతసేపూ తోటివాళ్లందరూ బాగా ఆడేవారు, అవతలివాళ్లు తడబడేవారు. కోబీ బ్రయంట్ వంటి ఘనుడు బంతి విసరబోతే, దాన్ని ఆపాలని ఎగిరేవాడు కాదు. కళ్లకు అడ్డంగా చెయ్యి పెట్టి ఊరుకునేవాడు. ఆ చెయ్యికి స్కోరు పట్టికలో గడి లేదు.

అసలు ఈ ఆట పుట్టుకలోనే ఉంది ఆ సంగతి. 1891లో నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు పీచ్ పళ్ల బుట్టలు రెండు బాల్కనీకి కొట్టించి ఈ ఆట మొదలుపెట్టాడు. బుట్టలకు అడుగు ఉండేది. బంతి పడ్డప్పుడల్లా ఎవరో నిచ్చెన ఎక్కి తీయవలసి వచ్చేది. బుట్టలో వేసినవాడికి పాయింటు. నిచ్చెన ఎక్కినవాడికి ఏముంది, కాళ్లనొప్పులు!

మాకు దగ్గర్లోనే లేపాక్షి ఉంది. అక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ వేలాడే స్తంభం చుట్టూ మూగుతారు. నేలకు పూర్తిగా తగలని ఆ స్తంభం కింద నుంచి గుడ్డ లాగి మురిసిపోతారు. నేలమీద నిలబడి ఆ కప్పును మోస్తున్న మిగతా స్తంభాల వంక చూసేవాళ్లు తక్కువ. బరువు మోసేవాటికి వింత ఏముంది?

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది, నేనెటు వస్తున్నానో. క్రికెట్టులో కట్టే ఊహా జట్లకు ఒక నియమం ఉంది. కెప్టెనుగా పెట్టుకున్నవాడి పాయింట్లు రెండింతలు, వైస్ కెప్టెనుకు ఒకటిన్నర రెట్లు. ఇది వినగానే నాకు నవ్వొచ్చింది. మన ఇళ్లల్లో ఇది ఏనాటినుంచో అమల్లో ఉన్నదే కదా! అబ్బాయికి అరవై మార్కులొస్తే ఊరంతా చెప్పుకుంటాం. అమ్మాయికి తొంభై వస్తే "బాగా చదువుతుందిలే" అంటాం. అయ్యగారు ఏడాదికోసారి కాఫీ కలిపితే రెండింతల పాయింట్లు. మిగిలిన రోజుల్లో కాఫీ కలిపినావిడ నిచ్చెన ఎక్కే మనిషి.

అందుకని లెక్కలే వద్దందామా? ఇక్కడే నా మనసు ఎదురు తిరిగింది. మన దేశంలో 2019లో ప్రభుత్వం వారు ఇంటింటికీ వెళ్లి ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో కనుక్కున్నారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు అందులో గడిచేది రోజుకు 299 నిమిషాలు. అలాంటి పని చేస్తామన్న మగవాళ్లకు 97 నిమిషాలు. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావు?" అనే ప్రశ్నకు మన అమ్మమ్మలు కన్నీళ్లే జవాబుగా ఇచ్చారు. మనం 299 అని చెప్పగలం. లెక్కపెట్టినందువల్లే కదా ఆ పని ఉన్నట్టు తేలింది! లెక్క మనకు శత్రువు కాదు. మనల్ని ఇన్నాళ్లూ అవతల ఉంచింది లెక్కలో మనకు గడి గీయకపోవడమే.

మరి ఆ 299లో కూడా అంతా వచ్చిందా? రాదు. పిల్లవాడు అలిగి పడుకుంటే తలుపు దగ్గర కాసేపు నిలబడి, పిలవకుండా వెనక్కి వచ్చిన తల్లి నిమిషాన్ని ఏ గుమాస్తా రాస్తాడు? బాటియే చెయ్యి లాంటిదది. ఎన్ని గడులు గీసినా ఒకటి తక్కువే అవుతుంది.

నాకు తోచిన సమాధానం ఇది. మనుషుల్ని లెక్క వేయడం తప్పు కాదు. జీతం ఇవ్వాలన్నా, న్యాయం అడగాలన్నా లెక్క వేయాల్సిందే. ఆ లెక్కతో మనిషి అయిపోయాడనుకోవడం తప్పు. మా అన్న కొడుకును ఆట మానమని నేను చెప్పలేదు. చెప్పినా వినడనుకోండి. ఒక్కటే చెప్పాను: "నీ టీములో ఎవడికైనా దెబ్బ తగిలితే, వాణ్ణి తీసేముందు జేజి అడిగిన మాట నువ్వొకసారి అడుగు. తర్వాత తీసెయ్."

"అంతలో ఇంకొకడు ఎగరేసుకుపోతే ఎట్లత్తా?" అన్నాడు.

పోతే పోనివ్వమన్నాను. ఆ ఒక్క నిమిషం ఆలస్యం చేయలేని మేనేజరు చేతికి ఇల్లయినా, ఆఫీసయినా ఎలా అప్పజెప్పడం? మీరే చెప్పండి.