ఈకల క్రింది రాగితీగ

ధ్యానభాగములు: సామెతలు 20:5, యెహెజ్కేలు 3:10-16



చెరువుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. బొచ్చె నీటి పైభాగమున మేయును. శీలావతి నడిమి నీళ్లలో తిరుగును. ఎర్రమోసు అడుగు బురదలో వెదకుకొనును. ఒకే చెరువులో మూడు అంతస్తుల కాపురము! ఎర పైపైన తేలునట్లు బెండు కట్టుకొని, ఎర్రమోసు కొరకు గట్టుమీద కూర్చున్నవాడు పొద్దుగూకువరకు కూర్చుండి వట్టి బుట్టతో ఇంటికి పోవును. చెరువులో చేపలు లేవని పదిమందితో చెప్పును. చేపలున్నవి. అతని ఎరయే వాటియొద్దకు పోలేదు.

గత వేసవిలో హైదరాబాదునకు పోయినప్పుడు ఈ సంగతి నాకు క్రొత్తగా బోధపడినది. మా అక్క కుమారుడు అమీర్‌పేటలో ఉన్నాడు. మీ బిడ్డలలో కొందరు కూడ అక్కడ ఉందురు, లేక ఉండి వచ్చియుందురు. మైత్రీవనము చుట్టునున్న వీధులలో కంప్యూటరు పాఠములు చెప్పు సంస్థల బోర్డులు మేడ మీద మేడగా వ్రేలాడుచుండును. పల్లెలనుండి వచ్చిన పిల్లలు ఒక్కొక్క గదిలో అయిదారుగురు చేరి, మంచము ప్రక్క మంచము వేసికొని కాలము గడుపుదురు. మా అక్క అర యెకరము కుదువబెట్టి వానిని పంపెను. రెండేండ్లాయెను. "వచ్చే నెల ఉద్యోగము" అనుచు వాడు ఫోనులో చెప్పుచుండెను. "తమ్ముడా, ఒకసారి పోయి వానికి నాలుగు మంచి మాటలు చెప్పి రారా" అని ఆమె నన్ను పంపినది.

నాలుగు కాదు, నలువది చెప్పితిని. హాస్టలు మంచము అంచున కూర్చుండి, సోమరితనమును గూర్చి, తల్లిదండ్రులను సన్మానించుటను గూర్చి, అరగంట సేపు ప్రసంగించితిని. వాడు తల వంచుకొని, "సరే మామయ్యా", "అట్లాగే మామయ్యా" అనుచుండెను. నా మాటలన్నియు నీటిమీద తేలిపోవుచున్న సంగతి నాకే తెలియుచుండెను. ప్రార్థన చేసి లేచి వచ్చితిని.

మరునాడు పంజగుట్టలో ఒక పెద్దాయనను చూడబోయితిని. అమీర్‌పేట తరువాత మెట్రో రైలు ఆగు చోటు అదే. ఆయన నీలగిరి కొండలలో ఒక తేయాకు తోటలో చాల కాలము లెక్కలు వ్రాసి, ఇప్పుడు కుమార్తె యింట ఉన్నారు. వారి బల్ల అంచుకు ఒక చిన్న వైసు బిగించియుండెను. దాని నోట గోరంత గాలపు ముల్లు. "ఏమండీ, కంసాలి పని మొదలుపెట్టితిరా?" అని అడిగితిని. "ఈగను కట్టుచున్నాను అయ్యగారూ" అని ఆయన నవ్వెను.

ట్రౌట్ అను చేప చల్లని కొండవాగులలో బ్రతుకునది. మన కృష్ణా గోదావరుల వెచ్చని నీళ్లు దానికి సరిపడవు. ఇంగ్లీషువారు దానిని నీలగిరులకు తెచ్చి, ఎన్నో ప్రయత్నములు చెడిన తరువాత అక్కడ నిలిపిరి. పిల్లలను పొదిగించు కేంద్రమొకటి అవలాంచి యొద్ద కట్టిరి. ఈ చేపను వానపాముతో గాక, ముల్లుకు ఈకలు చుట్టి పురుగువలె చేసిన ఎరతో పట్టుట వారి వాడుక. పెద్దాయన అది అక్కడ నేర్చెను. ఇప్పుడు కొండలు లేవు, వాగు లేదు, వ్రేళ్లు మాత్రము మరువలేదు.

ఆయన చేయుచున్నది నేను దగ్గర కూర్చుండి చూచితిని. పట్టుదారము లేదు. తలవెండ్రుకవలె సన్నని రాగితీగను మొదట ముల్లు పొడవున చుట్టెను. పురుగు రొమ్ము ఉండవలసిన చోట మరల మరల చుట్టి చిన్న గూనివలె చేసెను. తరువాత ఫెజంట్ అను కోడిజాతి పక్షి తోకనుండి నాలుగు పోగులు తీసి, వాటి కొనలను తోకగా విడిచి, మిగిలినదానిని ఆ తీగతోనే పెనవేసి ఒడలు కట్టెను. అవే పోగులను గూనిమీద ముందుకు వెనుకకు మడిచి రెక్కల తిత్తి చేసెను. అయిదు నిమిషములలో రాగి అంతయు ఈకల క్రిందికి పోయినది. పోగుల సందున అక్కడక్కడ ఒక మెరుపు తప్ప ఏమియు కానరాదు.

"ఈగ అంటిరి, రెక్కలేవి?" అని అడిగితిని.

"ఇది ఇంకను ఈగ కాలేదు. నింఫ్ అందురు. నీటిలోని పిల్లపురుగు" అని ఆయన చెప్పసాగెను. ఆ జాతి ఈగ బ్రతుకులో దాదాపు అంతయు నీటి అడుగున రాళ్లసందుననే గడచును. చివరకు పైకి ఈది, చర్మము చీల్చుకొని, రెక్కలతో లేచి, కొద్ది గంటలో కొద్ది దినములో ఎగిరి చచ్చును. మనము చూచునది ఆ కొద్ది దినములనే. చేప ఎరుగునది మిగిలిన కాలమును. దాని తిండిలో ఎక్కువ పాలు క్రిందనే దొరకును.

అయినను ఇంగ్లండులో ఒక కాలమున, పైన తేలు ఈగతో పట్టుటయే మర్యాద, తక్కినది తప్పు అని వాదించు పెద్దలుండిరి. 1886లో హాల్‌ఫర్డ్ అను ఆయన తేలు ఈగలను గూర్చి గ్రంథము వ్రాసెను. ఆ తేలు ఈగనే పట్టుకొనిన వర్గమునకు ఆయన పెద్ద. స్క్యూస్ అను న్యాయవాది 1910లో తన పుస్తకమున, చేప క్రింద మేయుచుండగా మనము పైననే విసరుట ఏల అని అడిగెను. తగవు ముదిరి, 1938లో లండనులో చేపల వేటగాండ్ర క్లబ్బులో కూర్చుండి చర్చించుకొనువరకు వచ్చినది. గాలమునకు కూడ సిద్ధాంతములు, వర్గములు ఏర్పడినవని విని నేను నవ్వితిని. పెద్దాయన నవ్వలేదు, మన సంఘముల సంగతి ఆయనకు తెలియును.

రాగితీగ ఉపాయము ఫ్రాంక్ సాయర్ అను నదీపాలకునిది. ఏవన్ నది గట్టున తిరుగుచు, పురుగులు ఎట్లు ఈదునో, చేపలు ఎట్లు అందుకొనునో చూచి చూచి, 1958లో పుస్తకము వ్రాసెను. అతడు కనుగొన్నది చిన్న సంగతియే. ఎర దిగవలెనంటే బరువుండవలెను. ఆ బరువు ప్రక్కన వ్రేలాడు సీసపు గుండై కాక, పురుగు ఒడలిలోనే ఉండవలెను.

"ఎట్లు వేయుదురు?" అంటిని.

"చేపకు ఎగువన విసరవలెను. ప్రవాహము దానిని క్రిందికి తెచ్చుచుండగా దిగనియ్యవలెను. తొందరపడినవాడు అది దిగకమునుపే లాగివేయును. మీవంటి బోధకులు గట్టుమీద నిలువలేరండీ" అని నా వైపు చూచెను. "తరువాత దారము నీటిలో దిగు చోటనే కన్నులుంచవలెను. అక్కడ అది రవంత ఆగినను, ప్రక్కకు జరిగినను, క్రింద ఏదో పట్టుకొన్నదన్నమాట. ఒక్కొక్కప్పుడు చేప యెదుటికి వచ్చిన వేళకు కర్రకొన కొంచెము ఎత్తుదుము. పిల్లపురుగు పైకి లేచుచున్నదనుకొని చేప అందుకొనును."

నేను నింఫ్‌ను అరచేతిలో పెట్టుకొని చాలసేపు చూచితిని. మనుష్యుని అంతరంగ తలంపు లోతైన జలమువంటిదనియు, దానిని పైకి తోడుటకు వివేకి కావలెననియు సామెతలు 20వ అధ్యాయములో జ్ఞాని చెప్పెను. బావి లోతు ఎరిగినవాడు దానికి తగినంత చేంతాడు తెచ్చుకొనును. నేను మూరెడు తాటితో పోయి, బావి ఎండినదని తిరిగి వచ్చితిని.

యెహెజ్కేలును చూడుడి. చెప్పవలసిన మాటలు అతనికి ముందే దొరికెను. గ్రంథపు చుట్టను తినియే బయలుదేరెను. అయినను కెబారు నదియొద్ద చెరపట్టబడినవారిని చేరినప్పుడు నోరు విప్పలేదు. వారు కూర్చున్నచోట తానును కూర్చుండి ఏడు దినములు దిగ్భ్రమతో నుండెను. ఏడు దినములైన తరువాతనే దేవుని మాట మరల అతనికి వచ్చినది. నేను ఏడు నిమిషములైన ఆగితినా?

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఈ పోలిక కొంతవరకే పనికివచ్చును. గాలము మోసముచేసి చంపును. మా అక్క కుమారుడు నాకు చేప కాడు. ఇకమీదట మనుష్యులను పట్టుదువని ప్రభువు పేతురుతో చెప్పినప్పుడు, లూకా వాడిన గ్రీకు మాటకు ప్రాణముతో పట్టుట అని అర్థమున్నది. కాబట్టి నేను నేర్చుకొనవలసినది వల పన్నుట కాదు, దిగుట.

దిగుటకు బరువేది? అది నాలోనే ఉన్నది, నేను దాచియుంచితిని. ఇంటరు పరీక్ష తప్పి, ఉత్తీర్ణుడనైతినని నా తండ్రితో చెప్పి, ఆరు నెలలు ఆ అబద్ధమును మోసితిని. ఇన్నేండ్ల సేవలో ఏ ప్రసంగపీఠముమీదను ఆ సంగతి చెప్పలేదు. మీకును ఇప్పుడే చెప్పుచున్నాను.

ఆ సాయంకాలము మరల అమీర్‌పేట పోయితిని. బైబిలు సంచిలోనే ఉంచి, వానితో కలిసి వీధి చివర బండియొద్ద ఇడ్లీలు తింటిని. గదికి వచ్చి మంచముమీద కూర్చుంటిమి. వాడు మాటలాడలేదు, నేనును మాటలాడలేదు. క్రింద వాహనముల హోరు. చాలసేపైన తరువాత నా పరీక్ష సంగతి చెప్పితిని. నీతి ఏమియు చేర్చలేదు. వాడు తలయెత్తి, "తాతయ్యకు ఎట్లా తెలిసింది మామయ్యా?" అని అడిగెను.

దారము ఆగినది. నేను లాగలేదు.

"నేనే చెప్పితిని. చెప్పుటకు ముందు మూడు దినములు అన్నము సహించలేదు" అంటిని.

వాడు గోడవైపు తిరిగెను. కొంత సేపటికి, "క్లాసుకు పోక నాలుగు నెలలాయె. రాత్రులు పార్సిళ్లు మోస్తున్నా. పరీక్ష పెట్టిన చోటల్లా తప్పిన. అమ్మకు చెప్పలేక చచ్చిపోతున్నా" అనెను. ఆ చివరి మాట వాడు ఊరకనే అనలేదు. ఆ రాత్రి నేను ఊరికి తిరిగి పోలేదు. ఆ గదిలోనే నేలమీద దుప్పటి పరచుకొని పండుకొంటిని.

తెల్లవారి ఇద్దరము బస్సెక్కితిమి. దారిలో వాడు నన్ను అడిగినది ఒక్కటే: "అమ్మకు నేనే చెప్తా మామయ్యా. నువ్వు ఏం మాట్లాడకు. పక్కన కూర్చో, చాలు."