మాట వినుట

దేవుని పేరిట మాటలాడుట 17 ఏండ్ల ప్రాయముననే ఆరంభించి, నలుబదియేండ్లు వచ్చిన పిమ్మట అక్షరములు దిద్దుటకు కూర్చున్న బోధకుడొకడు అమెరికాలో ఉండెను. లోకము ఆయనను ఫుట్‌బాల్ ఆటగానిగానే ఎక్కువగా ఎరుగును. ఆయన పేరు రెజ్జీ వైట్.

1961 డిసెంబరు 19న టెన్నెస్సీ రాష్ట్రమందలి చట్టనూగాలో ఆయన జన్మించెను. అమెరికా ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. కోలబంతిని చేతబట్టి, దేహమునకు దేహము తాకించి ఆడెదరు. ఎదుటి జట్టులో బంతి విసరువానిని, వాడు విసరకమునుపే నేలగూల్చుట రెజ్జీ పని. ఫిలడెల్ఫియా, గ్రీన్ బే, కెరొలైనా జట్ల పక్షమున 15 సీజన్లలో ఆయన 198 మారులు అట్లు కూల్చెను. 2000లో ఆట విరమించునాటికి అంతవరకు ఎవరును అన్నిమారులు చేసియుండలేదు. ఆంగ్లమున మంత్రికిని బోధకునికిని ఒకటే పదమగుటచే, అభిమానులు ఆయనను ‘మినిస్టర్ ఆఫ్ డిఫెన్స్’ అని పిలిచిరి.

ఒప్పందము ముగిసిన ఆటగాడు తన జట్టును తానే ఎన్నుకొను స్వేచ్ఛకై సాగిన వ్యాజ్యములో ఆయన పేరే ముందుండెను. 1993లో ఆ స్వేచ్ఛ లభింపగా, ఎక్కడికి వెళ్లవలెనో దేవుడే తెలుపునని ఆయన చెప్పెను. అంతట గ్రీన్ బే శిక్షకుడైన మైక్ హోమ్‌గ్రెన్ ఆయన టెలిఫోను యంత్రమందు, తాను దేవుడననియు గ్రీన్ బేకు రమ్మనియు పరిహాసముగా ఒక మాట ఉంచెను. రెజ్జీ అక్కడికే వెళ్లెను. వేతనము 4 సంవత్సరములకు 1 కోటి 70 లక్షల డాలర్లు. దైవస్వరమును సొమ్మును ఒకే దిక్కు చూపునప్పుడు విశ్వాసి రెండుమారులు చెవియొగ్గుట మంచిది. ఆటలో మాత్రము ఆ ఎన్నిక ఫలించెను: 1997 జనవరి 26న గ్రీన్ బే సూపర్ బౌల్ గెలిచెను.

కీర్తి పెరిగినకొలది వేదికలును పెరిగెను. 1998 మార్చిలో విస్కాన్సిన్ శాసనసభ ఎదుట మాటలాడుచు, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గుణమును ముద్రవేసి చెప్పెను. ఆసియావాసులును అందులో ఉండిరి. దేవుడు ప్రతి జనమునకును వరములిచ్చెనని చెప్పుటయే ఆయన ఉద్దేశము. కాని ఆ మాటలు, ఆ ప్రసంగమందే అన్న మరికొన్ని మాటలు, అనేకులను గాయపరచెను. బలవంతుడు నోరు తెరచిన అందరును వినెదరు. విన్నంతమాత్రమున అది వాక్యము కాదు. పేరుగలవానిని వేదికనెక్కించుట మన సంఘములకును ప్రీతియే.

ఆట విడిచిన పిమ్మట ఆయన బోధించుటయు తగ్గించుకొనెను. తాను ఆటగాడగుటచేతనే సంఘములు తన్ను పిలిచినవనియు, ఇతరులు చెప్పినదానినే తాను చెప్పుచు వచ్చితిననియు బాహాటముగా ఒప్పుకొనెను. మోషే ధర్మశాస్త్రమును మూలమున చదువగోరి హెబ్రీ నేర్వసాగెను. మైదానమున ఎవరికిని లొంగని ఆ మహాకాయుడు ఆలెఫ్, బేత్ అని పలుకుచు పసివానివలె మొదలిడవలసివచ్చెను. ధర్మశాస్త్రపు చుట్టలలో అచ్చుల గురుతులుండవు. హల్లులు మాత్రమే యుండును. గురువు నోట ముందుగా విన్నవానికే ఆ చదువు సాగును.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయమున ఇశ్రాయేలునకు వచ్చిన పిలుపు ‘షెమా’ అను క్రియతో ఆరంభమగును. చెవిని బెట్టుటకును లోబడుటకును హెబ్రీయందు ఆ క్రియయే చెల్లును. పలు భాషలలో అనువాదకునికి ఇది చిక్కు, తెలుగున చిక్కులేదు. “వీడు మాట వినడు” అని తల్లి అనినప్పుడు, బిడ్డకు చెవుడని ఎవరును తలంపరు. చెవి తెరచియుండగనే వినకపోవుట సాధ్యమని మన భాషకు ముందే తెలియును. దేవుడు తనతో చెప్పెనని ఇరువదియేండ్లకు పైగా ప్రకటించినవాడు, ఆయన చెప్పినదేమో తెలిసికొనుటకు బల్లయొద్ద కూర్చుండెను. జనసమూహము చప్పట్లు కొట్టు పని కాదది.

2004 డిసెంబరు 26 ఉదయమున, క్రిస్మసు మరునాడు, గుండె లయతప్పి ఆయన మరణించెను. వయస్సు 43 సంవత్సరములు. 2006లో ఫుట్‌బాల్ కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చబడెను. హెబ్రీ చదువు సాగుచుండగనే నిలిచిపోయెను.